ఆ ఇంట్లో దవా అంటే

మా కడప వైపు నాపరాళ్ళ గనుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు మందు అనేది ఒకటే మాట. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, పొద్దుగూకితే మగవాళ్ళు తాగి వచ్చేదీ మందే. బండకు తొలిచిన బెజ్జంలో కూరి పేల్చేది కూడా మందే. మా నాయన ఆ పనే చేసేవాడు. "ఈ పొద్దు మందు పెడతాండారు, అటు పోవాకండి" అని మా అమ్మ అదిలిస్తే, ఏ మందని మేం ఎప్పుడూ అడగలేదు. చెప్పే మనిషిని బట్టి, చోటును బట్టి తెలిసిపోయేది. తెలియకపోవడం కూడా ఉంటుందని నాకు కువైట్‌కు పోయాకే తెలిసింది.

నేను పనిచేసిన ఇల్లు సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల వెనక. ఇంటాయనను బాబా అనేదాన్ని, ఇంటావిడను మామా అనేదాన్ని. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరం అలాగే పిలుస్తాం, వయసుతో పనిలేదు. నిజానికి మామా నాకన్నా చిన్నది. వాళ్ళకు పిల్లల్లేరు. బాబా షుఐబాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయనకు చిన్నప్పటినుంచీ చక్కెర జబ్బు. రోజూ సూది పడాల్సిందే, పడకపోతే మనిషి దక్కడు. నేను పనిలో చేరిన రోజే మామా ఫ్రిజ్ పై అర చూపించి, ఇందులో సీసాలు ఎవరూ కదపకూడదు, ఇవి ఆయన ప్రాణం అని చెప్పింది. సూదిని వాళ్ళు ఇబ్రా అంటారు. ఆ సీసాలను కూడా ఇంట్లో ఇబ్రా అనే అనేవాళ్ళు.

బాబాకు ఒక పిచ్చి ఉండేది, రివాల్వర్ పోటీలు. చంపడానికి కాదు, కాగితం మీద గుండ్రాలు గీసి వాటి నడుమ కొట్టడానికి. దానికోసం వారమంతా ఎదురుచూసేవాడు. కొన్న తూటాలు ఆయనకు పనికొచ్చేవి కావు. ఒకటి గట్టిగా తన్నుతుంది, ఒకటి మెత్తగా పోతుంది, హోటలు కూరలా ఏ రోజు రుచి ఆ రోజే అని సణిగేవాడు. అందుకని ఇంట్లోనే తయారు చేసుకునేవాడు. మెట్ల కింద చిన్న గదిలో ఒక బల్ల, దానికి బిగించిన చేతి మిషను, చిన్న త్రాసు, సీసం ముక్కల డబ్బాలు. ఇల్లంతా నేనే ఊడ్చేదాన్ని గానీ ఆ గదిలోకి మాత్రం ఆయన పిలిస్తేనే పోవాలి.

పిలవడం ఎట్లా మొదలైందంటే ఇత్తడి వల్ల. పేలిన తూటాకు మిగిలే గుల్లలు ఇత్తడివి. ఆయన సంచీ నిండా ఏరుకొచ్చేవాడు, నల్లగా మసిపట్టి ఉండేవి. ఏదో నూనె వేసి గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తూ గంటలు గంటలు కూర్చునేవాడు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఇత్తడిని గుడ్డతో తుడుస్తారా ఎవరైనా? వంటింట్లోంచి చింతపండు తెచ్చి, వేడినీళ్ళలో పిసికి, గుల్లలన్నీ అందులో పోసి కలిపాను. తీసేసరికి మా ఇంట్లో శుక్రవారం తోమిన కుందుల్లా తళతళలాడాయి. బాబా ఒక గుల్ల తీసుకుని దీపం దగ్గర తిప్పి తిప్పి చూశాడు. ఆ రోజునుంచి ఆ పని నాదే. సంతలో కొన్న చింతపండంతా తూటాలకే పోతోంది, చారుకేమీ మిగలడం లేదని మామా నా మీద విసుక్కునేది. చారు అలవాటు చేసింది కూడా నేనేలెండి.

తర్వాత నన్ను బల్ల దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. నేను గుల్లలు అందించాలి. ఆయన మిషను పిడి కిందికి లాగితే, పేలి ఉబ్బిన గుల్ల మళ్ళీ సరైన కొలతకు వచ్చేది, అడుగున నిప్పు రాజేసే పాత టోపీ ఊడిపడేది. కొత్త టోపీ ఎక్కించి, తూకం వేసిన చిటికెడు పొడి పోసి, పైన మొన లేని మొద్దు సీసం ముక్క కూర్చి నొక్కేవాడు. మొన ఉంటే కాగితం చిరుగుతుందట, మొద్దుదైతే బెజ్జం గుండ్రంగా పడుతుందట. పొడి పోసేటప్పుడు మాత్రం నోరు తెరవకూడదు. మాటల్లో పడి ఒకే గుల్లలో రెండుసార్లు పోస్తే రివాల్వరే పేలిపోతుందని వేళ్ళు విరిచి చూపించాడు. సీసం పెట్టేముందు చిన్న టార్చి వేసి ప్రతి గుల్లలోకీ తొంగిచూసేవాడు. నేను మామూలుగా నోరు ఆపుకునే మనిషిని కాను. మా అత్త నన్ను గల్ఫుకు పంపింది కూడా నా నోరు భరించలేకేనని అనుకుంటాను. ఆ గదిలో మాత్రం గమ్మున కూర్చునేదాన్ని.

ఒకసారి పని అయ్యాక, పొడి డబ్బా చూపించి మీ దేశంలో దీన్నేమంటారని అడిగాడు. మందు అని చెప్పాను. మందు అంటే ఏమిటన్నాడు. నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. అందులో మందుకు ఉన్న మాట ఒకటే. దవా అన్నాను. బాబా కడుపు పట్టుకుని నవ్వాడు. ఎవరికి ఈ దవా, ఏ జబ్బుకు అని అడిగాడు. నాకు కోపం వచ్చి రాయికి అన్నాను. మా నాయన రాయికి దవా పెడితే రాయి పగులుతుందని, నవ్వడానికేమీ లేదని చేతులతో చూపించాను. ఇంకా నవ్వి, మామాను పిలిచి చెప్పి, ఇద్దరూ కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో దవా అంటే తూటాల పొడి. జ్వరం బిళ్ళలను హబ్బా అనేవాళ్ళు, చక్కెర జబ్బు సీసాలు ఎలాగూ ఇబ్రా. దవా ఒక్కటే డబ్బాకు మిగిలింది.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. పొద్దున లేచేసరికి వీధి చివర ట్యాంకు నిలబడి ఉంది. ఆ రోజుల గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్పాలి: రొట్టెల కోసం వరసలు, దోచుకున్న దుకాణాలు, ఎక్కడో కాల్పులు వినపడితే కిటికీలకు దూరంగా నేలమీద పడుకోవడం. మనవాళ్ళు గుంపులు గుంపులుగా బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారని, అక్కడినుంచి విమానాలని చెప్పుకునేవాళ్ళు. మామా నా పాస్‌పోర్టు, అక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది, నువ్వూ పో అంది. నేను పోలేదు. ధైర్యం అనుకోకండి. ఆమెను ఒంటరిగా వదిలి పోబుద్ధి కాలేదు, అంతే.

ఒంటరిగా అని ఎందుకన్నానంటే, అప్పటికే బాబా ఇంట్లో లేడు. షూటింగు తెలిసిన మగవాళ్ళను సైనికులు వెతికి పట్టుకుపోతున్నారని ఎవరో చెప్పారు. దారుల్లో ఇంకా కాపలాలు గట్టిపడకముందే ఆయన తన అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. అది దక్షిణాన, మంగఫ్ దాటాక. రివాల్వరూ, మిషనూ, గుల్లలూ విడివిడిగా పరుపు చుట్టలో పెట్టుకుని, ఐసు డబ్బాలో కొన్ని ఇబ్రాలు పెట్టుకుని పోయాడు. పొడి మాత్రం వద్దన్నాడు. పట్టుబడితే పరుపు చుట్ట గురించి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, పొడి గురించి చెప్పుకోలేం అన్నాడు. గడప దగ్గర మామాతో అన్న మాట నేను విన్నాను: "దవా ఇక్కడే ఉండనీ. కావాల్సినప్పుడు కబురు చేస్తాను."

ఇరాక్ సైనికుల మీద పోరాడే కుర్రాళ్ళలో ఆయన కలుస్తాడని మామాకు ఆ మాటతో అర్థమైంది. నాకూ అర్థమైంది. కాగితాల మీద కొట్టే మనిషి, ఇప్పుడు దేన్ని కొడతాడో అనుకున్నాను.

ఆ డబ్బాను ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది నా తలనొప్పి అయింది. సోదాలు జరుగుతున్నాయి. ఆ పొడి ముదురు బూడిద రంగులో, సన్నగా, టీ పొడిలాగే ఉంటుంది. పెద్ద టీ డబ్బా ఖాళీ చేసి, అడుగున అది పోసి, పైన పలచటి కాగితం పరిచి, రెండు వేళ్ళ మందాన టీ పొడి వేశాను. రెండుసార్లు సైనికులు వచ్చి వెతికారు, టీవీ పట్టుకుపోయారు, అలమారులో టీ డబ్బాను ఎవరూ ముట్టలేదు.

ఎండలు తగ్గకముందే ఒక సాయంత్రం బాబా అక్క ఫోన్ చేసింది. ఊరి లోపల ఫోన్లు అప్పుడప్పుడు కలుస్తుండేవి. సైన్యం వింటుందని అందరూ దాచి దాచి మాట్లాడేవాళ్ళు. ఆమె చెప్పింది ఒక్కటే ముక్క: "ఆయన దవా పంపించు. తొందరగా పంపించు." మామా ఇంకేదో అడిగేలోపే లైను తెగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా మళ్ళీ కలవలేదు.

మామా రిసీవరు పట్టుకుని అలాగే నిలబడింది. "టైము వచ్చింది" అంది. ఇబ్రా గురించేమోనని నేను అడగకపోలేదు. ఇబ్రా అయితే ఇబ్రా అనే చెప్పేది కదా, ఇబ్రా ఆయన దగ్గర సరిపడా ఉంది, దవా అంటే దవాయే అంది మామా. ఆ ఇంట్లో ఎవరిని అడిగినా అదే చెప్తారు. ఆ ఇంటి మాట ఆ ఇంట్లోనే పుట్టిందని, బాబా అక్క ఆ ఇంటి మనిషి కాదని మా ఇద్దరికీ తోచలేదు.

కువైట్ వాళ్ళు పోతే ఆపుతారు, ఇండియా వాళ్ళనైతే వదులుతారు. అందుకని నేనూ, డ్రైవరూ పోవాలని అనుకున్నాం. డ్రైవరు కోనసీమ మనిషి, అమలాపురం పక్క. గేటు దగ్గర గదిలో ఉండేవాడు. ఆయన నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని. నా మాట వింటే రాళ్ళు దొర్లించినట్టు ఉంటుందని ఎగతాళి చేసేవాడు. నీ మాట వింటే పాకం సాగినట్టు ఉంటుందని నేనూ వదిలేదాన్ని కాదు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క లోపం అబద్ధం చెప్పలేకపోవడం. చెప్పబోతే చెవులు ఎర్రబడిపోతాయి. అందుకే ఆయనకు సంగతి చెప్పకూడదనుకున్నాను.

పొద్దున్నే కారెక్కాం. ఒళ్ళో టీ డబ్బా, ఒక బియ్యం సంచి.

"ఎక్కడికండి? ఏం పని?" అన్నాడు డ్రైవరన్న.

"బాబాకు మందు తీసకపోతాండాం, అంతే. ఇంకేం అడగొద్దన్నా."

"ఆయ్, చక్కెర మందా. ముందే చెప్తే రాత్రే వెళ్ళిపోదుం కదండి" అని బండి తీశాడు.

మొదటి కాపలా దగ్గర పెద్దగా చూడలేదు. మంగఫ్ దగ్గర ఆపి దిగమన్నారు. మీసాలు సరిగా దువ్వుకోని ఒక సైనికుడు ఎక్కడికని అడిగాడు. డ్రైవరన్న చేతులు జోడించి, తనకు వచ్చిన అరబ్బీలో, చాలా జబ్బుగా ఉన్న మనిషికి దవా తీసుకెళుతున్నామని చెప్పాడు. ఆ ముఖంలో అబద్ధం లేదు, ఎవరు చూసినా నమ్మాల్సిందే. సైనికుడు దవా చూపించమన్నాడు. డ్రైవరన్న నా వైపు తిరిగి, "మందు ఏదమ్మా, చూపించు" అన్నాడు.

సంచిలో చెయ్యి పెట్టి వెతికితే నా తలనొప్పి బిళ్ళల అట్ట దొరికింది. అదే చూపించాను. సైనికుడు దాన్ని అటూ ఇటూ తిప్పి ఇచ్చేసి, టీ డబ్బా తెరిచాడు. వాసన చూశాడు. మాకు చాలా రోజులుగా టీ లేదు అన్నాడు, అడిగినట్టు కాదు, చెప్పుకున్నట్టు. జేబులోంచి కాగితం తీసి, దాంట్లోకి ఒక గుప్పెడు వేసుకున్నాడు, ఇంకో గుప్పెడు వేసుకున్నాడు. అడుగున కాగితం ఎంత దూరంలో ఉందో నాకు తెలుసు. మూడో గుప్పెడు తీయలేదు. డబ్బా మూత పెట్టి, "యల్లా" అని చెయ్యి ఊపాడు. మంచివాడేనేమో. అతని మీద నాకు కోపం లేదు, కానీ అతన్ని ఇప్పటికీ మరవలేను.

కొంతదూరం పోయాక డ్రైవరన్న కారు పక్కకు ఆపాడు.

"తలనొప్పి బిళ్ళల కోసం ఇంత దూరం తెచ్చారా నన్ను? అసలు మందు ఏదండి?"

డబ్బా చూపించి చెప్పాను.

"నన్ను అడక్కుండా నా మెడకి ఉరేసారండి మీరు. నాకు ఇద్దరు ఆడపిల్లలండి." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. ఆయన మళ్ళీ బండి తీశాడు, వెనక్కి తిప్పలేదు.

బాబా అక్క తలుపు తెరవగానే నా చేతుల వైపు చూసింది. డబ్బా తీసుకుని మూత తెరిచింది. టీ అంది. తర్వాత, ఇబ్రా ఏదని అడిగింది. ఏ ఇబ్రా అన్నాను. ఆమె నన్ను భుజం పట్టి లోపలికి లాక్కుపోయింది.

ఆ వీధిలో కరెంటు పోయి ఎన్నో రోజులైందట. ఐసు దొరకలేదట. ఇబ్రాలన్నీ ఆ వేడికి పాడైపోయాయి. వేసుకున్నా పని చేయలేదు. బాబా నేలమీద పరుపు మీద పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి, పెద్దగా ఊపిరి తీస్తున్నాడు. గదంతా మగ్గిన పళ్ళ వాసన. అంత బక్కచిక్కిన మనిషిని చూసి నాకు ఏడుపు ఆగలేదు. "ఫోన్‌లో దవా అని చెప్పాను కదా, చక్కెర జబ్బుకు ఇంకేం దవా ఉంటుంది" అని బాబా అక్క మళ్ళీ మళ్ళీ అడిగింది. నేనేం చెప్పాలి? ఆమె చెప్పింది సరైన అరబ్బీ. తప్పు అరబ్బీ నాది, అది ఆ ఇంట్లో స్థిరపడిపోయింది.

బాబా కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. పక్కన పెట్టిన డబ్బాను చూశాడు. నేను చెప్పనవసరం లేకపోయింది. "నీ దవా తెచ్చావా" అన్నాడు. నవ్వాడు కూడా, నిజంగా నవ్వాడు, మెట్ల కింద గదిలో నవ్వినట్టే. నవ్వితే దగ్గు వచ్చి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

డ్రైవరన్న అప్పటికే కారు తిప్పుతున్నాడు. సాల్మియా వెళ్ళి సీసాలు తెచ్చేస్తానన్నాడు. కాసేపటికే తిరిగి వచ్చాడు. మంగఫ్ దగ్గర ఏదో పేలిందట, దారి మూసేశారట, రేపటిదాకా ఎవరినీ వదలరట. కాళ్ళావేళ్ళా పడ్డానన్నాడు. చొక్కా మీద బూటు మరక ఉంది. డ్రైవరన్న మళ్ళీ, బాబా అక్క మగనితో కలిసి నడుచుకుంటూ ఆస్పత్రికి పోయాడు. అక్కడ మందుల గది తలుపులు తీసి ఉన్నాయి, లోపల ఖాళీ అరలు ఉన్నాయి. పక్క ఇళ్ళన్నీ తట్టాం. నేను తడిగుడ్డతో బాబా నుదురు తుడుస్తూ కూర్చున్నాను. నీళ్ళు అడిగేవాడు, తాగితే కక్కేవాడు. మధ్యాహ్నం తర్వాత అడగడం మానేశాడు. పొద్దుగూకే నమాజు పిలుపు వినిపించిన కాసేపటికి ఆ పెద్ద ఊపిరి ఆగిపోయింది.

ఆ పొడిని బాబా అక్క పెరట్లో నీళ్ళు పోసి మట్టిలో కలిపేసింది.

మర్నాడు దారి వదిలాక ఇద్దరం వెనక్కి వచ్చాం. దారంతా నాకు మామాకు ఎట్లా చెప్పాలా అనే ఆలోచన ఒక్కటే. మా భాషలో అయితే ఎన్ని రకాలుగా చెప్పుకుంటాం! మనకు దక్కలేదమ్మా అంటాం, కాలం తీరింది అంటాం, చేతులు పట్టుకుని ఊరికే ఏడ్చినా చాలు, చెప్పినట్టే. అరబ్బీలో నాకు అలాంటి మాట ఒక్కటి కూడా రాదు. ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

మామా గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో ఐసు ఫ్లాస్కు. మేం బయల్దేరిన గంటకే ఫోన్ మళ్ళీ కలిసిందట, బాబా అక్క ఇబ్రా సంగతి విడమరిచి చెప్పిందట, మామా బదులు చెప్పేలోపే లైను పోయిందట. కారు నడిపేవాళ్ళు ఎవరూ దొరకలేదు. నిన్నటినుంచీ ఆ ఫ్లాస్కు పట్టుకుని గేటుకూ ఇంటికీ తిరుగుతూనే ఉంది. ఐసు ఇప్పుడే మార్చానని, దిగవద్దని, ఇలాగే వెనక్కి తిప్పి పొమ్మని కిటికీలోంచి ఫ్లాస్కు అందించింది. డ్రైవరన్న దాన్ని రెండు చేతులతో తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంజను ఆపాడు. తల స్టీరింగు మీద పెట్టుకున్నాడు.

నేను దిగాను. నాకు వచ్చిన మాటే చెప్పాను. ఉప్పు అయిపోతే, గ్యాసు అయిపోతే, ఆ రోజు పని అయిపోతే రోజూ ఆమెతో అనే మాట.

"బాబా ఖలాస్, మామా."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఇబ్రా ఖలాస్ అయిందా? తెలుసు, అందుకే కదా ఇవి తెచ్చాను" అంది ఫ్లాస్కు చూపిస్తూ.

నేను ఆ మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.